ఖాళీగా వదిలిన గడి

మద్రాసు,
3 జులై 1961, సోమవారం.

నా బీజాన్‌కి,

ఈ ఉదయం మానవశాస్త్రం మొదటి పీరియడులోనే, నలభైమంది మగపిల్లలు చూస్తుండగా, మా ప్రొఫెసరు గారు నన్ను బల్ల ముందు నిలబెట్టి నా ముక్కు కొలిచారు.

నవ్వకు. కాలిపర్సు అని ఒక పనిముట్టు ఉంది. పీత గిట్టల్లా తెరుచుకుంటుంది. దానితో ముక్కు వెడల్పు, ఎత్తు కొలుస్తారు. వెడల్పును ఎత్తుతో భాగించి వందతో హెచ్చవేస్తే వచ్చే అంకె పేరు నాసికా సూచిక. మాట ఎంత బాగుందో చూడు! నా మాటల పుస్తకంలో రాసుకున్నాను. దాని కిందే కపాలం, లలాటం, హనువు. మనం తల, నొసలు, దవడ అని ఊరుకునే వాటికి ఇంత ఠీవి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

కొలిచాక ఆయన క్లాసును అడిగారు. "ఈ అమ్మాయిది ఏ జాతి? చూసి చెప్పండి." ఒకడు లేచి "బెస్త" అన్నాడు. ఇంకొకడు "కాదు సార్, యానాది ఛాయ" అన్నాడు. మా సీనియరు విజయభాస్కర్, ఏలూరు వైపు అతను, చాలాసేపు నా మొహం పరిశీలించి "బ్రాహ్మణ స్త్రీ కావచ్చు సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ప్రొఫెసరు గారు నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా." క్రైస్తవులమండీ అన్నాను. "అది మతం. నేనడిగింది జాతి." అప్పుడు చెప్పాల్సి వచ్చింది, మా అమ్మ రెబెక్కమ్మను నెలల పిల్లగా ఎవరో కొడవలూరు దగ్గర మిషను దొరసాని వసారాలో వదిలి వెళ్ళారనీ, నాన్న కూడా మిషను పెంచిన బిడ్డేననీ. ఆయన నా కాగితం మీద జాతి అన్న గడిని ఖాళీగా వదిలి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

నాకేం బాధ కలగలేదు. ఎందుకంటే ఈ శాస్త్రం ఏదో ఒక రోజు ఆ గడి నింపుతుంది. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో ఎముక దాచలేదట.

అసలు వార్త ఇప్పుడు చెబుతున్నాను. ఆగస్టులో నెల్లూరు తీరం కొలవడానికి మా జట్టు వస్తోంది. ఆడవాళ్ళు మగవాళ్ళ చేత తలలు కొలిపించుకోరు కాబట్టి నన్నూ తెస్తున్నారు. మొదటి ఊరు మీ తిప్పలపాళెం! ఎనిమిదో తరగతిలో నువ్వు బడి మానేశాక మనం కలుసుకోనే లేదు. చాప వేసి ఉంచు.

నీ
ఎలిశబెతు

---

తిప్పలపాళెం,
14 జులై.

బెతూ,

నీ జాబు అమ్మకు చదివి వినిపించాను. "ముక్కు కొలిపించుకోను చెన్నపట్నం దాకా పోవాల్నా ఆ పిల్ల? ఈడ కంసాలి కొలిచి ముక్కుపుడక గూడా పెట్టేవాడు గదే" అంది.

నువ్వు మా ఊరు ఎప్పుడూ రాలేదు కాబట్టి చెబుతున్నాను. బస్సు దిగి ఇసుకలో మైలు దూరం నడిస్తే మా వీధి. పదకొండు ఇళ్ళు, అందరం దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిములమే. దూదేకులవాళ్ళు అంటారు. వీధి దాటితే సముద్రం ఒడ్డున బెస్తల పేట, కుప్పం అంటారు. దాని అంచున యానాదుల గుడిసెలు. ఇంతే ఊరు. కుప్పంలో ఆడవాళ్ళకు నేను చెప్పి ఉంచుతాను, నీ పీత గిట్టలు చూసి పారిపోకుండా.

నీకు ఇంతవరకు రాయని సంగతి ఒకటుంది. నెల్లూరులో ఖాదర్ మొహిద్దీన్ అని ఉర్దూ పంతులు ఉన్నాడు. పోయిన ఏడు కసుమూరు దర్గాలో గంధం రోజున నన్ను చూశాడు. తర్వాత మా ఇంటికి దిండు కుట్టించుకోవడానికి వచ్చాడు. మళ్ళీ వచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు నాయన అడిగాడు, "ఒక మనిషికి నాలుగు దిండ్లేంది పంతులూ?" అని. "నిద్ర పట్టట్లేదు మామా" అన్నాడు. లోపల నేను నోట్లో ఓణీ కుక్కుకున్నాను.

ఉగాది అయ్యాక మనిషిని పంపి అడిగించాడు. వాళ్ళ అమ్మ ముంతాజ్ బేగం గారు మాత్రం ఒప్పుకోలేదు. "మా తాతలు అరబ్బు దేశం నుంచి ఓడ దిగినోళ్ళు. దూది ఏకేవాళ్ళ పిల్లను తెస్తే మా నెత్తురు ఏం కావాల?" అందట. ఆమె ఉర్దూలో అన్నది అతను తెలుగులో చెప్పాడు. తెలుగులోకి వచ్చినా వేడి తగ్గలేదు.

బెతూ, నీ పనిముట్టు నెత్తురు సంగతి చెబుతుందన్నావు కదా. నా ముక్కు ముందు కొలువు. నవ్వులాటకు రాయడం లేదు. నేను చేసుకుంటే ఆ మనిషినే చేసుకుంటాను. లేకపోతే ఎవరూ వద్దు.

బీజాన్

---

తిప్పలపాళెం,
2 సెప్టెంబరు.

బెతూ,

నువ్వు వెళ్ళి పది రోజులైనా ఊరు ఇంకా నిన్నే నెమరు వేస్తోంది. మాలకొండయ్య పెళ్ళాం మస్తానమ్మ కుప్పమంతా తిరిగి "నా తలకాయ కొల్త తీసకపోయింది కిరీటానికేనే, సర్కారు పంపిస్తాది చూడండి" అంటోంది. "రానీ, దాంట్లో చేపలు కడుగుదువులే" అని మొగుడు.

నువ్వు పేర్లు రాసుకుంటూ తల పట్టుకున్న సంగతి తలుచుకుని నేనూ అమ్మా ఇప్పటికీ నవ్వుతాం. పిల్లలు దక్కకపోతే కసుమూరు మస్తాన్ స్వామికి మొక్కుకుని ఆ పేరు పెట్టుకుంటారని చెప్పానుగా. గంగమ్మకు పొంగలి పెట్టే మస్తానమ్మలు కుప్పంలో తొమ్మిదిమంది తేలారు. దరియావలమ్మలు ఏడుగురు, మౌలాలమ్మలు పదిమంది. మా వీధిలోనేమో నమాజు తప్పని మా పెద్దమ్మ పేరు పుల్లమ్మ!

నీలో నాకు నచ్చింది ఒకటి చెప్పనా? కొలతలన్నీ గడగడా రాశావు గానీ, ఏం జాతి అని మాత్రం ఒక్కరినీ అడగలేకపోయావు. మస్తానమ్మే "ఏం జాతో అడగవేమే?" అంటే ఎర్రబడి, "అది తర్వాత నింపుతాలే అక్కా" అన్నావు. మన బళ్ళో నిన్ను అడిగినవాళ్ళు గుర్తొచ్చి ఉంటారు.

ఖాదర్ దగ్గర్నుంచి కబురు లేదు. నీ లెక్కలు ఎప్పుడు తేలుతాయి?

బీజాన్

---

మద్రాసు,
19 అక్టోబరు.

నా బీజాన్‌కి,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నివేదిక ముసాయిదా తయారైంది. అందులో మీ ఊరి గురించిన వాక్యాలు నీకోసం అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాస్తున్నాను: "తిప్పలపాళెం ముస్లిం స్త్రీలలో సన్నని నాసిక ప్రధానంగా కనిపిస్తున్నది. పొరుగున ఉన్న బెస్త స్త్రీలలో ఇది కానరాదు. సముద్రమార్గాన పశ్చిమాసియా నుండి వచ్చి చేరిన రక్తానికి ఇది నిదర్శనం."

నిదర్శనం! ఈ మాటను పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. మూడుసార్లు చదివాను. ముంతాజ్ బేగం గారి ఓడలోనే మీ వాళ్ళూ దిగారు, బీజాన్. ఆమె కాదనడానికి ఏముంది ఇక?

ప్రొఫెసరు గారిని బతిమాలి ఆ పేజీ టైపు ప్రతి ఒకటి తీసుకున్నాను. కింద ఆయన సంతకం ఉంది, డిపార్టుమెంటు ముద్ర ఉంది. ఈ కవరులోనే పెడుతున్నాను. ఖాదర్ గారికి పంపు.

ఒక చిన్న మాట. నేను కొలిచేటప్పుడు మీ ఇళ్ళవాళ్ళ ముక్కులు అంత సన్నగా ఉన్నట్టు నాకు అనిపించలేదు. కానీ నా కన్ను ఎంత, శాస్త్రం ఎంత? వంద కాగితాలు కలిపితేగానీ నిజం కనబడదని ఆయన అంటారు.

నీ
ఎలిశబెతు

---

తిప్పలపాళెం,
6 నవంబరు.

బెతూ, నా బంగారమా,

ఒప్పుకుంది!

ఖాదర్ ఆ కాగితాన్ని వాళ్ళమ్మకు ఉర్దూలోకి మార్చి చదివాడట. ఆమె ముద్ర మీద వేలు పెట్టి తడిమి చూసిందట. తర్వాత "ఓడ దిగినాక ఎవరెవరికి ఏ పని దొరికిందో, పాపం. పని ఏదైతేనేం, నెత్తురు నెత్తురే గదా" అందట. మొన్న శుక్రవారం వచ్చి నా చేతికి గాజులు వేసి వెళ్ళింది. రజబు నెలలో నిఖా. అంటే ఇంకా నెలన్నర కూడా లేదు. నువ్వు రాకపోతే నేను ఖుబూల్ అనను, ఖాజీ గారు సాయంత్రం దాకా అడిగినా సరే.

ఇప్పుడు వేరే సంగతి. ఇది నీకే చెబుతున్నాను.

నాయన దూది ఏకడం మానేశాడు. "ఇంకేందే మనకీ పని" అన్నాడు. మొన్న మాలకొండయ్య ఎప్పటిలాగే చేపలు తెచ్చి మా అరుగు మీద కూర్చోబోతే, నాయన "కింద కూచో మాలకొండయ్యా" అన్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఆ అరుగు మీద ఒకే చుట్ట పీల్చారు. మాలకొండయ్య ముందు నవ్వాడు. "ఏం మౌలా, ఓడ దిగినావంటనే? నేను దినామూ దిగతానే ఉండాను గదయ్యా" అన్నాడు. నాయన నవ్వలేదు. మాలకొండయ్య చేపలు అక్కడే పెట్టి లేచి పోయాడు.

నేను అప్పుడు బయటికి వచ్చి ఏదైనా అని ఉండాల్సింది. గాజులు చూసుకుంటూ లోపలే కూర్చున్నాను. సంతోషంగా ఉన్న మనిషికి చెవులు సరిగ్గా పనిచేయవేమో.

బీజాన్

---

మద్రాసు,
25 నవంబరు.

బీజాన్,

ఈ జాబు మూడుసార్లు రాసి చించాను.

నివేదిక అచ్చుకు పోయేముందు పట్టికలు సరిచూడమని నాకు ఇచ్చారు. కాగితాల కట్టలు విప్పాను. ముస్లిం అన్న కట్టలో పై కాగితం మస్తానమ్మది. భర్త పేరు మాలకొండయ్య. జాతి గడిలో, నేను ఖాళీగా వదిలిన చోట, విజయభాస్కర్ చేతిరాతలో ముస్లిం అని ఉంది.

అతన్ని అడిగాను. "మస్తాన్ అని ఉందిగా అండీ, ఇంకేం అడగాలి?" అన్నాడు. తప్పు అతనిదని అనను. మీ వైపు మొక్కుల సంగతి అతనికి తెలియదు. నాకు తెలుసు. మీ ఇంట్లో కూర్చుని నవ్వాను కూడా. ఆ గడి నింపుతానని చెప్పి నింపకుండా వచ్చింది నేను. ఆ కట్టలో ముప్పై ఎనిమిది మంది ఉంటే ఇరవై ఆరుగురు కుప్పం వాళ్ళు. మీ పెద్దమ్మ పుల్లమ్మ గారు బెస్త కట్టలో ఉన్నారు.

కాగితాలు సరిగ్గా విడదీసి, రెండు రోజులు కూర్చుని మళ్ళీ లెక్క కట్టాను. సగటున తేడా ఒక్క అంకె, అది కూడా ఇంతకుముందుకు ఎదురు వైపు, ఇప్పుడు బెస్తల ముక్కులే కాస్త సన్నం. కొలిచే చెయ్యి కాస్త వణికితే వచ్చేటంత తేడా. నీకూ మీ అమ్మకూ మధ్య తొమ్మిది అంకెల తేడా ఉంది, బీజాన్. ఒకే ఇల్లు, ఒకే నెత్తురు, తొమ్మిది! ఆ రాత్రే నాకు తెలిసింది, ఆ జాతి అనేది ముక్కులో లేదు. ముందు గడిలో రాస్తాం, తర్వాత ముక్కులో వెతుకుతాం.

నీకు చెప్పని మరో సంగతి. తిరుగు ప్రయాణంలో నెల్లూరులో పదిమందిని కొలిచాను. అందులో ముంతాజ్ బేగం గారు ఒకరు. ఎవరో నాకు తెలుసు, నేనెవరో ఆమెకు తెలియదు. ఆమె సూచిక డెబ్బై ఆరు. మస్తానమ్మది డెబ్బై ఆరు. నీది డెబ్బై ఏడు.

ఇదంతా ప్రొఫెసరు గారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, నా కొత్త లెక్క చూసి, కలం తీసి ముసాయిదాలో ముస్లిం అన్న చోట బెస్త అనీ, బెస్త అన్న చోట ముస్లిం అనీ రాశారు. మిగతా వాక్యాలు అక్షరం మారలేదు. సముద్రమార్గాన వచ్చిన రక్తం, నిదర్శనం, అన్నీ అక్కడే ఉన్నాయి. "నిజమే, సముద్రం మీద బతికేవాళ్ళలో ఉండటమే సహజం" అన్నారు. ఇన్నాళ్ళూ నేను ముచ్చటపడి ఎత్తి రాసుకున్న వాక్యం, ఎవరికైనా సరిపోయే చొక్కా.

డిసెంబరు పదిన ఆయన నెల్లూరులో ఉపన్యాసం ఇస్తున్నారు. మీ ఊరి పేరు చెప్పవద్దని అడిగాను. "ఊరి పేరు లేకపోతే శాస్త్రం ఎలా అవుతుందమ్మా?" అన్నారు.

ఆ రోజుకు ముందే నీకు తెలియాలని రాస్తున్నాను. ఏం చేయమంటావో చెప్పు.

ఎలిశబెతు

---

తిప్పలపాళెం,
20 డిసెంబరు.

ఎలిశబెతుకు,

ఏం చేయమంటానో చెప్పమన్నావు. నీ జాబు అందేసరికి చేయడానికి పది రోజులున్నాయి. ఖాదర్‌కు కబురు పంపాను. వచ్చాడు. చదివాడు. "అమ్మకు చెప్పొద్దు, ఆ ఉపన్యాసానికి మా వాళ్ళెవరు పోతారులే" అన్నాడు. వాళ్ళ మేనమామ పోయాడు. ముందు వరసలో కూర్చున్నాడట.

పదిహేనో తేదీన నేనూ అమ్మా నెల్లూరు వెళ్ళాం. పిలిస్తే వెళ్ళలేదు, నేనే లాక్కుపోయాను. ముంతాజ్ బేగం గారు మమ్మల్ని వసారాలోనే కూర్చోబెట్టింది. నీ కాగితం పెట్టెలోంచి తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. నా చేతులు చాపమని గాజులు తీసింది. నొప్పి పుట్టకుండా మెల్లగా తీసింది. అదే నాకు ఎక్కువ నొప్పి.

అప్పుడు నేను నోరు విప్పాను. "అమ్మా, మద్రాసు నుంచి వచ్చి మీ ముక్కు కొలిచిన పిల్ల నా స్నేహితురాలే. మీదీ మా ఊరి చేపలమ్మే మస్తానమ్మదీ ఒకే అంకె. నాది ఒక్కటే ఎక్కువ. ముక్కులో ఏమీ లేదంట" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"అయితే ఆ పనిముట్టు తప్పు బిడ్డా" అంది.

గాజులు వేసిన రోజు ఆ పనిముట్టు ఒప్పు. ఖాదర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పిల్లల కాపీ పుస్తకాలు. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. పుస్తకాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఊళ్ళో కథ విను, నీ శాస్త్రానికి పనికొస్తుంది. కుప్పానికి పెద్ద, పెదకాపు గంగులయ్య ఆ ఉపన్యాసం సంగతి పేపరులో చదివించుకున్నాడు. ఇప్పుడు ఓడ వాళ్ళది. మాలకొండయ్య మా ఇంటి ముందుగా పోతూ, ఆగి, "కింద కూచోమంటివే మౌలా, ఇప్పుడు యాడ కూచుందాం చెప్పు" అన్నాడు. అంతటితో పోతే బాగుండేది. గంగులయ్య కుప్పంలో కట్టుబాటు చేసి దురాయి వేశాడు. యానాది గురవమ్మ వాళ్ళు కుప్పం ఇసుకలో చేపలు ఎండబెట్టకూడదు, బావి దగ్గరికి రాకూడదు. మస్తానమ్మ కడుపున పుట్టిన ముగ్గురికీ మంత్రసాని గురవమ్మే. ఆమె వచ్చి మా వాకిట్లో నిలబడి "నా తల గూడా కొలిచె గదమ్మా ఆ పాప, నాకేం రాసింది?" అని అడిగింది.

అబద్ధం తెచ్చి నా చేతిలో పెట్టింది నువ్వే. అది నాకు అలవాటయ్యాక లాక్కున్నదీ నువ్వే. ఇక జాబు రాయకు.

బీజాన్

---

మద్రాసు,
18 జనవరి 1962.

బీజాన్,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి పారెయ్.

క్షమించమని అడగను. ఆ మాట నా పుస్తకంలో ఉంది గానీ, దాన్ని ఇక్కడ వాడితే చవకైపోతుంది.

నేను చేసింది చెబుతాను. పదహారు పేజీల వ్యాసం రాశాను. ఆ వంద కాగితాల్ని, నాదీ కలిపి, జాతి గడి చూడకుండా పేర్చాను, అంకెల్ని బట్టి. అలా పేరిస్తే గురవమ్మ పక్కన ముంతాజ్ బేగం గారి పెద్దకోడలు వచ్చింది, ఆమె పక్కన మీ పెద్దమ్మ, ఆమె పక్కన నేను. నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెందననుకున్నదాన్ని, ఎంతమంది మధ్య ఉన్నానో! వ్యాసం చివర, ఆ గడిని ఫారంలోంచి తీసేయాలని రాశాను.

ప్రొఫెసరు గారు మొత్తం చదివారు. భాష బాగుందన్నారు. రెండు చోట్ల అక్షరదోషాలు దిద్దారు. "గడి తీసేస్తే ఈ కాగితాలు ఏ కట్టలో కడతావమ్మా?" అని అడిగారు. కట్టవద్దండీ అన్నాను. ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్లలను చూసి నవ్వినట్టు. వ్యాసం సొరుగులో పెట్టుకున్నారు. నివేదిక ఆయన రాసినట్టే అచ్చయింది. నా పేరు కూడా వేశారు, చివరి పేజీలో, కృతజ్ఞతల కింద.

వచ్చే నెల సంగం అనే ఊరు కొలవడానికి వెళ్తున్నాం. ఈసారి ఏ గడీ ఖాళీగా ఉండకూడదని నాకు ప్రత్యేకంగా చెప్పారు. నేను రానంటే స్కాలర్‌షిప్పు ఉండదు, చదువు ఉండదు. అమ్మకు రాశాను. "వెళ్ళు, అడిగి రాసుకో, ఎదురు చెప్పకు" అని జవాబు వచ్చింది. వెళ్తున్నాను బీజాన్. నీకు దాచి వెళ్ళకూడదని చెబుతున్నాను. తప్పని తెలిసిన పనిని శ్రద్ధగా చేయబోతున్నాను. నాకు చేతనైంది శ్రద్ధ ఒక్కటే.

గురవమ్మ అడిగితే చెప్పు. ఆమెది డెబ్బై ఎనిమిది. అందరిలాంటిదే.

ఎలిశబెతు

---

తిప్పలపాళెం,
29 జనవరి 1962, సోమవారం.

బెతూ,

రాయవద్దని నేనే అన్నాను, నేనే రాస్తున్నాను. ఇంకెవరికి రాయను?

గురవమ్మకు చెప్పాను. "డెబ్బై ఎనిమిదంటే మంచిదా చెడ్డదా?" అంది. అందరిలాంటిదే అంట అవ్వా అన్నాను. "అయితే బావి దగ్గరికి పోవచ్చునా?" అంది. కడవ నేను తీసుకుని నీళ్ళు తోడి తెచ్చి ఇచ్చాను. గంగులయ్య కొడుకు చూశాడు. రేపటినుంచి నన్నూ ఆపుతారేమో తెలియదు.

ఖాదర్‌కు పెళ్ళి కుదిరింది. అమ్మాయిది నెల్లూరే, ఖాదర్ మేనమామ చూసిన సంబంధం. రంజాను నెల రాకముందే కావాలని తొందరపడి వచ్చే శుక్రవారమే నిఖా పెట్టుకున్నారు. ముక్కులు కొలవలేదట, మేనమామ మాట చాలిందట.

ఇవాళ మధ్యాహ్నం ఆ మేనమామే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. "పెండ్లి పరుపు మీరే కుట్టాల మౌలా. అక్క మరీమరీ చెప్పింది. దూది ఏకేదాంట్లో మీ చెయ్యి ఇంకెవురికీ రాదని" అన్నాడు. అమ్మ లోపల కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన ఆయన్ను కాదు, నన్ను చూశాడు. ఆ పని మానేశాక ఇంట్లో ఎలా గడుస్తోందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేనే తల ఊపాను.

మేనమామ జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. పరుపు కొలతలు. పొడుగు ఆరున్నర అడుగులు, వెడల్పు నాలుగున్నర, మందం జానెడు. చేతిరాత ఖాదర్‌ది. అంకెలు గుండ్రంగా, పిల్లలకు రాసిపెట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి. కింద ఏమైనా రాశాడేమోనని వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు.

నాయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. దూది ఏకే విల్లు ఆయన పట్టుకోలేడు. పైగా మూడు నెలలు వాడకపోతే దాని నరం తాడు సడలిపోయింది. సాయంత్రం దాన్ని నేనే బిగించాను. మణుగు దూది వసారాలో పోసి ఉంది, గింజలు ఏరడం అయింది.

సముద్రం గాలి లేచిందంటే దూది ఇల్లంతా ఎగురుతుంది, ఏకడానికి కుదరదు. అందుకని రేపు తెల్లవారుజామునే లేవాలి. తలుపులు, కిటికీలు మూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎండ వచ్చేలోగా మణుగూ ఏకేయాలి. ఎనిమిదింటికి అమ్మ పరుపుకు గుడ్డ గలీబు కుట్టడం మొదలుపెడుతుంది. బండి పది గంటలకు వస్తుందన్నారు.

బీజాన్